పూత మీద మందు

డబ్బా మీది రంగు త్రిభుజం మనిషికి ఎంత ముప్పో చెబుతుంది. పువ్వు మీద వాలిన తేనెటీగకు ఎంత ముప్పో చెప్పదు. పురుగుమందుల చట్టంలో పూడ్చాల్సిన కంత అక్కడే ఉంది.

పురుగుమందుల కొట్టులో ఏ డబ్బా చేతిలోకి తీసుకున్నా, మూల మీద నిలబెట్టిన ఒక చదరం కనిపిస్తుంది. దాని కింది సగం త్రిభుజం. అందులో ఏదో ఒక రంగు. ఎరుపయితే అతి తీవ్రమైన విషం, పసుపయితే తీవ్రం, నీలమయితే ఓ మాదిరి, ఆకుపచ్చయితే తక్కువ. అక్షరం ముక్క రాని కూలీకి కూడా అర్థం కావాలని పెట్టిన గుర్తు. మంచి ఆలోచనే. పల్లెల్లో ఎవర్ని కదిపినా "ఎర్రదాంతో జాగ్రత్తండీ, నీలంది పర్లేదు" అనే అంటారు.

ఆ రంగు వెనక ఉన్న కొలత ఎలుకది. ప్రయోగశాలలో ఎలుకల్లాంటి జంతువులకు మందు తినిపించి, సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. 50 లోపయితే ఎరుపు, 500 లోపయితే పసుపు, 5,000 లోపయితే నీలం, ఆపైన ఆకుపచ్చ. పిచికారీ చేసే మనిషికి ఈ సమాచారం కావాలి, అందులో తప్పేం లేదు. తప్పు ఎక్కడంటే, ఆ ఒక్క రంగునే అందరూ మొత్తం ప్రమాదానికి కొలతగా తీసుకుంటున్నారు.

థయామెథాక్సామ్ 25 డబ్ల్యూజీ అని ఒక మందు ఉంది. రసం పీల్చే పురుగు ఎక్కడుంటే అక్కడ వాడతారు. దాని త్రిభుజం నీలం. దాని అన్న లాంటి ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్‌ది పసుపు. ఈ మందులు కడుపులోకి వెళ్తే తేనెటీగల్లో సగం చావడానికి ఒక్కోదానికి పట్టే మోతాదు నాలుగైదు నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఒక్క గ్రాము అసలు మందును ఆ లెక్కన పంచితే ఇరవై కోట్ల తేనెటీగలకు సరిపోతుంది. ఎలుక లెక్కలో నీలమైనది తేనెటీగ లెక్కలో ఎరుపును దాటిన ఎరుపు.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీకి కంపెనీ ఇచ్చే దస్త్రంలో తేనెటీగల మీద, పక్షుల మీద, చేపల మీద చేసిన విష పరీక్షల వివరాలు ఉంటాయి. ఆ లెక్క దస్త్రం దాటి డబ్బా మీదికి రాదు. మహా అయితే డబ్బాతోపాటు మడతలు పెట్టి ఇచ్చే కరపత్రంలోకి వస్తుంది. హిందీ, ఇంగ్లిషు, ప్రాంతీయ భాషల్లో ఉండాలన్నది నిబంధన కాబట్టి అన్నీ కుక్కిన ఆ కాగితంలో అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. పొలం గట్టున డబ్బా మూత తిప్పేటప్పుడు ఆ కాగితం గాలికి పోతుంది. చదివేవారు ఎవరు?

కొట్టు దగ్గర వైద్యం

పల్నాడులోనో ఖమ్మంలోనో మిరప పూతకొచ్చే రోజుల్లో సాయంత్రం మందుల కొట్టు ముందు నిలబడితే వినిపించే మాటలు దాదాపు ఒకటే.

"బాబాయ్, పూతంతా తామరపురుగే. మొన్న కొట్టినదానికి చావలా. గట్టిది ఏదన్నా ఇవ్వు."

"ఇది కొత్తగా వచ్చిందిరా అబ్బాయ్. దీంట్లో ఈ పొట్లం కూడా కలిపి కొట్టు. డబ్బులదేముంది, కాయ కోశాక చూద్దాంలే."

రోగం చెప్పేదీ, మందిచ్చేదీ, అప్పిచ్చేదీ ఒకరే. కొట్టాయన్ని దుర్మార్గుడనలేం. ఆయనకు తెలిసింది ఆయన చెబుతున్నాడు, కంపెనీ ఏజెంటు చెప్పింది ఆయనకు తెలుసు. ఇలాంటి డీలర్లకు వ్యవసాయం నేర్పాలనే హైదరాబాద్‌లోని 'మేనేజ్' సంస్థ 2003లో ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. చాలామంది చదివారు కూడా. కానీ ఖాతా పుస్తకం డిప్లొమాకన్నా బలమైనది.

మిరప సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, 2021లో తెలుగు రాష్ట్రాల మిరప మీద నల్ల తామరపురుగు విరుచుకుపడింది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల్లో చేలకు చేలు పోయాయి. అంతకుముందు మనకు అలవాటైన తామరపురుగు ఎక్కువగా ఆకును పట్టేది, పై ముడత తెచ్చేది. ఈ కొత్తది పువ్వులో కాపురం పెట్టింది. పురుగు పువ్వులో ఉంటే మందు కూడా పువ్వులోకే కొట్టాలి కదా. రైతులు రోజు విడిచి రోజు కొట్టారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పురుగు లొంగలేదు. పువ్వు కోసం వచ్చే తేనెటీగ, పురుగును తినే మిత్రపురుగు మాత్రం లొంగిపోయాయి. లక్షలు పెట్టుబడి పెట్టి, చెట్టు మాడిపోతుంటే చూస్తూ నిలబడ్డ రైతుకు ఆ సమయంలో తేనెటీగల గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికీ నోరు రాదు. రాకూడదు కూడా. నియంత్రణ అనేది ఆపద ముంచుకొచ్చిన రోజున రైతు మీద పడే పోలీసు పని కాదు. అది ముందే ఉండాల్సిన ఏర్పాటు.

మనకు ఇది మొదటిసారి కూడా కాదు. 1980ల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చినప్పుడు గుంటూరు, ప్రకాశం పత్తి రైతులకు పండగలా అనిపించింది. కొట్టిన మర్నాటికి పురుగు రాలిపోయేది. దాంతోపాటు అక్షింతల పురుగులు, సాలీళ్లు, పరాన్నజీవి కందిరీగలు కూడా పోయాయి. కాపలావాళ్లు పోయాక తెల్లదోమ లేచింది. 1987-88 నాటికి పత్తి కుప్పకూలింది, అప్పుల రైతులు పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు వరంగల్‌లో శనగపచ్చ పురుగుతో అదే కథ మళ్లీ నడిచింది. అందుకే మిత్రపురుగులను కాపాడటమంటే ఏదో పర్యావరణ ప్రేమికుల సరదా అనుకునేవాళ్లకు ఆంధ్రదేశపు పత్తి చరిత్ర చదవమని చెప్పాలి.

గింజలోనే విషం

థయామెథాక్సామ్, ఇమిడాక్లోప్రిడ్ చేరే నియోనికోటినాయిడ్లు అనే ఈ మందుల కుటుంబం పొగాకులోని నికోటిన్‌ను పోలినది. పొగాకు కషాయం కొట్టి పురుగును ఆపడం మన పాత రైతులకు తెలిసిన విద్యే. తేడా ఏమిటంటే కషాయం ఆకు మీద ఉండి రెండు రోజుల్లో పోతుంది. ఇది అంతర్వాహికం. నీళ్లలో కరుగుతుంది, వేరు తాగుతుంది, కాండం మోస్తుంది, ఆకులోకి, పుప్పొడిలోకి, మకరందంలోకి చేరుతుంది. మొక్క మొత్తం మందవుతుంది.

అందుకే దీన్ని విత్తనానికే పట్టిస్తారు. పత్తి ప్యాకెట్ చించితే రంగు పూసిన గింజలు పడతాయి కదా, ఆ పూతలో చాలావరకు ఈ మందే ఉంటుంది. మొలక దశలో పచ్చదోమ, పేనుబంక రాకుండా కాపు కాస్తుంది. ఆ మేలు నిజం. కానీ పూసిన మందులో మొక్క తీసుకునేది కొద్ది శాతమే, ఎక్కువలో ఎక్కువ ఐదో వంతు. మిగిలిందంతా నేలలోకీ, అక్కడినుంచి కాలువలోకీ పోతుంది. పైగా పురుగు వస్తుందో రాదో తెలియకముందే, అడిగినా అడగకపోయినా, ప్రతి గింజకూ మందు. జ్వరం రాకుండానే ఊరందరికీ మందు బిళ్లలు పంచితే డాక్టర్లు ఊరుకుంటారా?

నీళ్లలోకి పోయాక ఏమవుతుందో జపాన్‌వాళ్లు చూశారు. షింజి సరస్సు చుట్టూ వరి పొలాల్లో 1993లో ఇమిడాక్లోప్రిడ్ మొదలైంది. సరస్సులో చిన్న నీటి పురుగులు తగ్గాయి. వాటిని తిని బతికే స్మెల్ట్ అనే చేప పట్టుబడి ఏడాదికి 240 టన్నుల నుంచి 22 టన్నులకు పడిపోయింది. 2019లో ఈ లెక్కలను మసూమీ యమమురో బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. వరి, చెరువు, చేప పక్కపక్కనే ఉండే మనకు ఇది దూరపు ముచ్చట కాదు.

తేనెటీగల విషయంలో మొదట గగ్గోలు పెట్టింది ఫ్రాన్స్ తేనె రైతులు. 1990ల మధ్యలో పొద్దుతిరుగుడు విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించడం మొదలయ్యాక, మేతకు వెళ్లిన ఈగలు పెట్టెకు తిరిగి రావడం లేదన్నారు. 1999లో అక్కడి ప్రభుత్వం పొద్దుతిరుగుడు మీద ఆ వాడకాన్ని ఆపింది. తేనెటీగలు చచ్చి కుప్పపడితే అందరికీ కనిపిస్తుంది. దారి మరిచిపోయి ఎక్కడో పడిపోతే ఎవరు లెక్కపెడతారు? 2012లో ఫ్రెంచి శాస్త్రవేత్త మికయేల్ ఆన్రీ బృందం తేనెటీగల వీపుల మీద బుల్లి రేడియో బిళ్లలు అతికించి లెక్కపెట్టింది. చంపనంత తక్కువ మోతాదులో థయామెథాక్సామ్ తాగిన ఈగలు కూడా పెద్దసంఖ్యలో ఇల్లు చేరలేదు.

జర్మనీలో మాత్రం కుప్పలే పడ్డాయి. 2008 వసంతంలో రైన్ లోయలో మొక్కజొన్న విత్తుతుంటే, గింజకు సరిగా అంటని, ఇదే కుటుంబపు క్లోథియానిడిన్ పొడి విత్తే యంత్రాల్లోంచి దుమ్ముగా లేచింది. పక్క చేలల్లో, తోటల్లో పూసి ఉన్న పువ్వుల మీద పడింది. 11 వేలకు పైగా తేనెటీగల పెట్టెలు దెబ్బతిన్నాయి. చివరికి 2013లో ఐరోపా సమాఖ్య మూడు నియోనికోటినాయిడ్లను తేనెటీగలు వాలే పంటల మీద ఆపేసింది. 2018లో ఆరుబయట వాడకం మొత్తాన్నే నిషేధించింది. కంపెనీలు కోర్టుకెళ్లి 2021లో ఓడిపోయాయి. 'అత్యవసరం' పేరుతో దేశాలు ఇస్తున్న మినహాయింపులకు కూడా 2023 జనవరిలో ఐరోపా న్యాయస్థానం కళ్లెం వేసింది. అదే కుటుంబానిదైనా ఆ నిషేధంలో లేని అసిటామిప్రిడ్‌ను ఫ్రాన్స్ తన సొంత చట్టంతో ఆపింది. 2025లో పార్లమెంటు దాన్ని మళ్లీ అనుమతించబోతే 20 లక్షల మందికి పైగా జనం వద్దని సంతకాలు పెట్టారు, రాజ్యాంగ మండలి ఆ నిబంధనను కొట్టేసింది.

నాకు ఈ నిషేధాలకన్నా జర్మనీలో ఉన్న ఒక చిన్న ఏర్పాటు ఎక్కువ నచ్చింది. అక్కడ ప్రతి మందుకూ తేనెటీగల లెక్కలో బి1 నుంచి బి4 దాకా ఒక తరగతి ఉంటుంది. బి1 అయితే పూసిన మొక్క మీద కొట్టకూడదు, అది కలుపు మొక్క పువ్వయినా సరే. బి2 అయితే తేనెటీగలు ఆ రోజుకు ఇల్లు చేరాక, రాత్రి 11 లోపు కొట్టాలి. తేనె పెట్టెలకు 60 మీటర్ల లోపల, ఈగలు తిరిగే వేళ కొట్టాలంటే పెట్టెల యజమాని ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ 2022 నుంచి పూత మీద పిచికారీకి సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలు, తర్వాత మూడు గంటలు అని సమయం కట్టింది. అమెరికా 2013లో కొన్ని మందుల లేబుళ్ల మీద తేనెటీగ బొమ్మతో ప్రత్యేక హెచ్చరిక పెట్టింది. ఏ మందు అన్నదొక్కటే కాదు, ఏ పువ్వు మీద, ఏ గంటకు అన్నది కూడా చట్టంలోకి వచ్చింది.

చట్టం పుట్టిన తీరు

మన చట్టం ఒక విషాదం నుంచి పుట్టింది. 1958లో ఓడలో పారాథియాన్ అనే పురుగుమందు కారి గోధుమపిండిలో కలిసింది. అది తిని కేరళలో వందమందికి పైగా చనిపోయారు. జస్టిస్ జె.సి. షా కమిషన్ విచారించింది. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మనుషులకు, జంతువులకు ముప్పు తప్పించడం కోసం అని పీఠికలోనే ఉంది. జంతువులంటే ఎవరు? మూడో సెక్షన్ చెబుతుంది: మనిషికి ఉపయోగపడే జంతువులు, చేపలు, కోళ్లు, ఇంకా కాపాడుకోవడం అవసరమని కేంద్రం నోటిఫై చేసే అడవి జీవులు. ఈ నిర్వచనం చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది. అర్ధశతాబ్దం కిందటి చట్టంలోనే తలుపు పెట్టారు. మనిషికి తేనెటీగకన్నా ఉపయోగపడే జీవిని చూపించమంటే ఆవును చూపిస్తామేమో, అంతకుమించి తడుముకోవాల్సిందే. తలుపు తీయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

తీయకపోతే ఏమవుతుందో మోనోక్రోటోఫాస్ కథ చెబుతుంది. మన రైతుల నోట అది 'మోనో'. 1995-96లో అర్జెంటీనాలో మిడతల మీద దీన్ని కొట్టారు. ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి వలస వచ్చే స్వెయిన్సన్ డేగలు ఆ మిడతల్ని తిన్నాయి. 5 వేలకు పైగా కళేబరాలు లెక్కకు దొరికాయి. మొత్తం 20 వేలదాకా చచ్చి ఉంటాయని అంచనా. అక్కడి ప్రభుత్వం, కంపెనీ కలిసి ఆ వాడకాన్ని ఆపించాయి, మరుసటి ఏడాదికే చావులు బాగా తగ్గిపోయాయి. మన దగ్గర అదే మందు 2013లో బిహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనపు నూనెలో కలిసి 23 మంది పిల్లల్ని చంపింది. అప్పటికీ అది మార్కెట్లోనే ఉంది.

ఆ ఏడాదే కేంద్రం అనుపమ్ వర్మ కమిటీని వేసింది. బయటి దేశాల్లో నిషేధించినా మన దగ్గర అమ్ముతున్న 66 మందుల్ని అది పరిశీలించింది. 2018లో 18 మందుల మీద ఉత్తర్వు వచ్చింది, ఫోరేట్ గుళికల్లాంటివి 2020 ఆఖరుకు ఆగాయి. 2020 మేలో ఇంకో 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చారు. అభ్యంతరాలు, కమిటీలు, వాయిదాలు. 2023కు వచ్చేసరికి నిషేధం దాకా నిలిచినవి డైకోఫాల్, డినోకాప్, మెథోమిల్, ఎట్టకేలకు మోనోక్రోటోఫాస్ 36 ఎస్ఎల్. ఇరవై ఏడులో నాలుగు, పదేళ్లు. ఇలా ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ పోతే, కొత్త పేర్లు వచ్చే వేగాన్ని ఎప్పటికీ అందుకోలేం. 1968 చట్టం స్థానంలో తెస్తామన్న బిల్లు 2008లో ఒకసారి, 2020లో ఒకసారి రాజ్యసభకు వెళ్లింది. రెండూ చట్టం కాలేదు.

రాష్ట్రాలు ఏం చేయగలవంటే, చట్టంలో 27వ సెక్షన్ ఉంది. ప్రమాదం అనిపిస్తే రాష్ట్రం ఒక మందు అమ్మకాన్ని 60 రోజులు ఆపొచ్చు, ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు. అంతే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయినప్పుడు ఆ రాష్ట్రం ఐదు మందుల్ని 60 రోజులు ఆపింది. ఆర్డరు వచ్చేటప్పటికి సీజనే అయిపోవచ్చింది. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంటుంది, పొలంలో చల్లే విషం మీద మాత్రం రాష్ట్రానికి మూడు నెలలకు మించి చెల్లుబాటు లేదు. శాశ్వతంగా ఆపాలంటే ఢిల్లీ చెప్పాలి, లేదంటే కేరళలోని కాసరగోడ్‌లోలా కోర్టు చెప్పాలి. అక్కడ జీడితోటల మీద 1970ల చివరి నుంచి హెలికాప్టర్‌తో చల్లిన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు దేశమంతటా ఆపేసరికి 2011 మే వచ్చింది. ఈలోగా ఒక తరం పిల్లలు జబ్బులతో పుట్టారు. తేనెటీగలు, కప్పలు, చేపలు కనుమరుగవుతున్నాయని ఆ ఊళ్లవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు.

పక్షుల సంగతికి వస్తే, దసరా నాడు పాలపిట్టను చూసి మొక్కుకునే తెలంగాణలో ఆ పిట్ట ఏం తింటుందో ఎంతమంది ఆలోచిస్తారో తెలియదు. మిడతలు, పేడపురుగులు, గొల్లభామలు, అదే దాని తిండి. 2023లో వచ్చిన 'భారత పక్షుల స్థితి' నివేదిక పాలపిట్టల సంఖ్య పన్నెండేళ్లలో దాదాపు 30 శాతం తగ్గిందని చెప్పింది. దానికి పురుగుమందులే కారణమని తేల్చలేం, పొలాల తీరు, చెట్లు కొట్టేయడం, పండగకు పంజరాల్లో పట్టడం, అన్నీ ఉన్నాయి. కానీ పురుగుల్ని తిని బతికే పిట్ట, పురుగులే లేని పొలంలో ఏం చేస్తుంది? గింజలు ఏరుకునే పక్షులది ఇంకో రకం చావు. కార్బోఫ్యూరాన్ గుళిక ఒక్కటి చాలు పిచ్చుక చావడానికి. అమెరికాలో ఆ గుళికల వల్ల ఏటా 10 నుంచి 20 లక్షల పక్షులు చస్తున్నాయని అక్కడి పర్యావరణ సంస్థే అంచనా కట్టి, 1991 నుంచి వాటిని తప్పించింది.

మామిడి తోటలో లెక్క

తెలుగువాళ్లకు బాగా అర్థమయ్యే ఉదాహరణ మామిడి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నూజివీడు, జగిత్యాల వైపు తోటలు పూస్తాయి. ఒక్కో పూగుత్తిలో వందల పువ్వులు, అందులో పిందె కట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మామిడి పువ్వు మీద తేనెటీగలు వాలతాయి కానీ అసలు పని ఎక్కువగా చేసేది మామూలు ఈగలు, పూల ఈగలు. అందుకే తైవాన్‌లో కొందరు మామిడి రైతులు చేపల వ్యర్థాలు వేసి మరీ తోటల్లో ఈగల్ని పెంచుతారు.

మనం ఆ ఈగలు వచ్చే రోజుల్లోనే ఇంజన్ పంపు పెట్టి చెట్టు నెత్తిన మందు కొడతాం. కారణం తేనెమంచు పురుగు. అది పూతను పీల్చేస్తుంది, జిగురు కారుస్తుంది, ఆకుల మీద మసి పడుతుంది, పూత మాడిపోతుంది. రైతు భయం నిజమైనదే. శాస్త్రవేత్తలు చెప్పేది ఒకటే: పూమొగ్గ బయటికి వచ్చే దశలో ఒకసారి కొట్టండి, అవసరమైతే పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ కొట్టండి, పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు మాత్రం కొట్టకండి. విచ్చుకున్న పూత మీద కొట్టిన మందు పురుగుతోపాటు పిందె కట్టించే ఈగను కూడా తీసుకుపోతుంది. పిందె తక్కువైందని టానిక్కులు కొంటాం. కొట్టాయనకు రెండు వ్యాపారాలు.

పొద్దుతిరుగుడుది, గుమ్మడి, దోస, పుచ్చ పాదులది, అరకు కొండల వలిసె చేలదీ ఇదే వరస. ఈగ రాకపోతే పొద్దుతిరుగుడు పువ్వు నడుమ తాలు గింజలే మిగులుతాయి.

సాయంత్రం కొట్టండి అని చెప్పడం తేలిక, అదీ ఒప్పుకోవాలి. కూలీలు పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. గాలి తక్కువగా ఉండేదీ పొద్దున్నే. సాయంత్రం పిలిస్తే కూలి ఎక్కువడుగుతారు, చీకటి పడితే పాముల భయం. ఆ అదనపు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేల్చకుండా గంటలు నిర్ణయిస్తే అది కాగితం మీదే ఉంటుంది. నా ఉద్దేశంలో ఆ ఖర్చు మందు ధరలోనే కలిపి వసూలు చేయాలి.

అలాగే నియోనికోటినాయిడ్లను రేపే మొత్తం ఆపేయాలనడం కూడా తొందరపాటే. పిచికారీ చేసే మనిషికి మోనో లాంటి పాత మందులకన్నా ఇవే తక్కువ ప్రమాదం. వీటిని తీసేస్తే రైతు పాతవాటికి పోతాడు, లేదా ఇంకా పేరు తెలియని కొత్తదానికి పోతాడు. శ్రీలంక 2021లో రసాయన ఎరువులు, మందుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేసి, ఆ ఏడాదే వెనక్కి తగ్గింది. ప్రత్యామ్నాయం చేతికివ్వకుండా చేసిన నిషేధం రైతునీ కాపాడదు, ఈగనీ కాపాడదు.

ఆ ప్రత్యామ్నాయం మన దగ్గర పుస్తకాల్లో లేదు, ఊళ్లలో ఉంది. పాల్వంచ దగ్గర పూనుకుల గ్రామం పత్తి మీద మందు మానేసి, 2004లో పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. వేపగింజల కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు. కొత్తవేమీ కాదు, కాకపోతే ఊరంతా కలిసి చేశారు. ఆ దారిలోనే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు విస్తరించింది. ఆ పునాది మీదే ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నిలబడి, 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకటైంది. ఒక్క రైతు మందు మానేస్తే పక్కచేను పురుగు అతని మీదికి వస్తుంది. ఊరు మానేస్తే రాదు. ఈ సంగతి చట్టం రాసేవాళ్లకన్నా మహిళా సంఘాలకు బాగా తెలుసు.

పట్నంవాళ్లు ఇదంతా పల్లెల గొడవ అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ పదో అంతస్తులోనైనా కొండ తేనెటీగలు పెర పెడితే, చీకటి పడ్డాక ఎవరో వచ్చి మందు కొట్టి వెళ్తారు. పొద్దున వాచ్‌మన్ చీపురుతో ఊడుస్తాడు. పెరను చంపకుండా తప్పించేవాళ్లు ఉన్నారు, కాస్త వెతకాలి. చాలా పెరలు పూత సీజను అయిపోగానే వాటంతటవే వెళ్లిపోతాయి కూడా.

ప్రభుత్వాలు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రంగు త్రిభుజం పక్కన, అంతే సైజులో, తేనెటీగ గుర్తుతో ఇంకో రంగు పెట్టాలి. దానికి కావలసిన పరీక్షల లెక్కలు ఫరీదాబాద్‌లో ఇప్పటికే ఉన్నాయి. ఆ గుర్తు ఎర్రగా ఉన్న మందును విచ్చిన పూత మీద కొట్టకూడదని నిబంధన కావాలి. పత్తి గింజ మందు పట్టించినదా, పట్టించనిదా అన్నది రైతు ఎంచుకునేలా రెండు రకాల ప్యాకెట్లూ కొట్టులో ఉండాలి. రాష్ట్రాల 60 రోజుల గడువును కనీసం ఒక పంట కాలానికి పెంచాలి. 2030కల్లా పురుగుమందుల ముప్పును సగానికి తగ్గిస్తామన్న 2022 డిసెంబరు నాటి మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందం మీద మన దేశం కూడా నిలబడి ఉంది. గడువు దగ్గరపడుతోంది.

చట్టం వచ్చేలోగా ఒక పని మాత్రం ఇది చదువుతున్నవాళ్లలో కొందరి చేతిలోనే ఉంది. ఊళ్లో మామిడి తోట ఉండి, మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే, ఆ తోటను బహుశా ఏటా పూత మీదే వ్యాపారికి అమ్మేస్తూ ఉంటారు. ఎప్పుడు ఏ మందు కొట్టాలో ఆయనే చూసుకుంటాడు. ఈసారి ఒప్పందం కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి: పూత విచ్చినప్పటి నుంచి పిందె బఠాణీ గింజంత అయ్యేవరకు తోటలో పురుగుమందు కొట్టకూడదు. వ్యాపారి బేరం కొంచెం తగ్గిస్తానంటే, తగ్గించనివ్వండి.